మూత తీసి చూపించడం: చిన్న వ్యాపారం చేసేవాళ్లు దాపరికం లేకుండా పోస్టు పెట్టడం ఎలా

2022 జులై. ధవళేశ్వరం దగ్గర గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఊరు గౌతమి గట్టుకు ఇవతల ఉంది కాబట్టి ఇళ్లలోకి నీళ్లు రాలేదు గానీ, నది మధ్య లంకల్లో ఉండే మా చుట్టాలు సగం మంది మా ఇంట్లోనే ఉన్నారు. వారం పైగా కొరియర్ బండి రాలేదు. బండి మళ్లీ వస్తుందని తెలిసిన సాయంత్రం, ఆగిపోయిన ఆర్డర్లన్నిటికీ ఒక్క రాత్రిలో ఆవకాయ సీసాలకెత్తాను. మొత్తం 38 సీసాలు. ఎండ మొహం చూసి చాలా రోజులైంది. కడిగిన సీసాలు ఫ్యాన్ కింద బోర్లించి, చేత్తో తడిమి, ఆరాయనుకున్నాను.

పది రోజులకి హైదరాబాద్ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఇప్పుడే మూత తీశాను. నూనె మీద తెల్లగా, దూదిలా ఏదో తేలుతోందమ్మా" అన్నారు. వినగానే నాకు తెలిసిపోయింది, అది బూజు. కానీ నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఆయ్, అది ఉప్పు తేలిందండి. కలిపేసుకోండి, ఏం పర్లేదు."

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆవిడ మనవలకి అన్నంలో కలిపి పెడుతున్నట్టే కళ్లకు కట్టేది. మూడో రోజు పొద్దున్నే ఫోన్ చేసి, "పెద్దమ్మగారూ, నేను మొన్న అబద్ధం చెప్పాను. అది బూజండి. తినొద్దు, పారేయండి" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనూ అనుమానపడే పక్కన పెట్టానులే" అన్నారు. ఆ రోజే 38 మందికీ విడివిడిగా మెసేజ్ పెట్టి, సాయంత్రం అందరికీ కనపడేలా పోస్టు పెట్టాను. పదకొండు మంది డబ్బు వెనక్కి అడిగారు, పంపేశాను. ఒకరు చాలా గట్టిగా తిట్టారు. మిగతావాళ్లు ఎండ వచ్చాక కొత్త సీసా పంపమన్నారు.

వ్యాపారం గురించి మనసు విప్పి రాయడం ఎలాగో నాకు ఏ కోర్సులోనూ తెలియలేదు, ఆ మూడు రోజుల్లో తెలిసింది. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇక్కడ వరసగా చెబుతున్నాను. పచ్చళ్లే అక్కర్లేదు. నర్సరీ, లేసు, కొబ్బరి, టైలరింగ్, ట్యూషన్, దేనికైనా పనికొస్తుంది.

1. ముందు నోట్‌బుక్, తర్వాతే ఫోన్

మనసు బరువుగా ఉన్నప్పుడు చెయ్యి తిన్నగా ఫోన్ మీదికే వెళ్తుంది. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుంది కదా అన్న ధైర్యం ఒకటి. ఆ 24 గంటల్లో స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేవాళ్లు పెట్టేస్తారు. అందుకే ముందు కాగితం మీద రాయండి, ఎవరికీ చూపించని కాగితం.

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులను కూర్చోబెట్టి వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన సంగతి గురించి రాయించారు. రాసిన రోజున వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. కానీ జరిగిందీ, దాని గురించి లోపల అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో కాలేజీ హెల్త్ సెంటర్‌కి వెళ్లడం తగ్గింది. లోకానికి చెప్పకపోయినా, రాసుకోవడంతోనే కొంత భారం దిగుతుందని నాకు దీన్నిబట్టి అర్థమైంది. ఆ భారం దించుకునే పని నోట్‌బుక్ చేసిపెడితే, కొనేవాళ్ల నెత్తిన దాన్ని పెట్టాల్సిన అవసరం ఉండదు.

రాశాక ప్రతి వాక్యం పక్కనా ఒక అక్షరం వేయండి. మీరు అమ్మే వస్తువు గురించైతే 'వ', మీ పని గురించైతే 'ప', ఇంటి సంగతైతే 'ఇ'. 'వ' వేసినవి దాదాపు అన్నీ చెప్పాల్సినవే. 'ప' వేసినవాటిలో చెప్పదగ్గవి బోలెడు ఉంటాయి. 'ఇ' వేసినవి నోట్‌బుక్‌లోనే ఉండనివ్వండి, కనీసం ఇప్పటికి. మొదటిసారి నేను రాసిన రెండు పేజీల్లో 'వ' పడిన వాక్యాలు నాలుగే. పోస్టు ఆ నాలుగింటితోనే తయారైంది.

2. ఆ కథలో ఇంకెవరున్నారో చూడండి

మన దగ్గర ఎవరి కథా ఒక్కరిది కాదు. నేను వ్యాపారం మొదలుపెట్టింది కొబ్బరితోట అమ్మిన డబ్బుతో. అది రాస్తే పోస్టు బాగా కదిలిస్తుందని నాకు తెలుసు. రాసి మా ఆయనకి చూపించాను. చదివి, "తోట అన్నయ్యది కూడా కదా. అమ్మాల్సొచ్చిందని ఊరంతా చదివితే ఆయనకెలా ఉంటుంది?" అన్నారు. తీసేశాను. ఇవాళ్టికీ ఆ తోట గురించి ఒక్క ముక్క ఎక్కడా పెట్టలేదు.

మా దగ్గర ముక్కలు కొట్టే పిన్ని ఒకావిడ ఉంది. ఆవిడ చేతుల ఫొటో పెడదామనుకున్నప్పుడు అడిగాను. "చేతులు పెట్టుకోమ్మా, మొహం వద్దు, మా అల్లుడు చూస్తాడు" అంది. ఫోన్ ఎత్తకముందే అడిగాను కాబట్టి ఆ మాట చెప్పగలిగింది. ఫొటో తీశాక అడిగితే మొహమాటానికి సరే అనేసేది. పనివాళ్లని అడిగేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం: వాళ్లు మన దగ్గర కూలి తీసుకునేవాళ్లు, కాదనడం వాళ్లకి కష్టం. చిన్నపిల్లల జబ్బులు, పరీక్షల్లో ఫెయిలవడాలు అసలు ముట్టుకోవద్దు. పెద్దయ్యాక అవి వాళ్ల కథలు.

3. ముందు పనితనం కనపడాలి

పొరపాటు ఒప్పుకుంటే జనం దగ్గరవుతారని అందరూ అంటారు. అది సగమే నిజం. 1966లో ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన తోటివాళ్లతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. క్విజ్‌లో పాల్గొన్న మనిషి మాటలను టేపు మీద వినిపించారు. ఒక టేపులో ఆ మనిషి 92 శాతం ప్రశ్నలకు సరైన జవాబులు చెప్తాడు, ఇంకో టేపులో 30 శాతానికే. కొన్ని టేపుల చివర అతను కాఫీ ఒలకబోసుకున్న చప్పుడు కూడా వినిపించారు. బాగా జవాబులు చెప్పినవాడు కాఫీ ఒలకబోసుకుంటే విన్నవాళ్లకు ఇంకా నచ్చాడు. చెప్పలేనివాడు ఒలకబోసుకుంటే ఇంకా నచ్చకుండా పోయాడు.

కాబట్టి ఇవాళే పేజీ తెరిచి, రేపే "నా పచ్చడికి బూజు పట్టింది" అంటే మిగిలేది బూజు ఒక్కటే. కనీసం రెండు నెలలు మీ పని చూపించండి. కాయ ఎక్కడ కొన్నారు, ముక్కకి టెంక ఎందుకు ఉంచుతారు, పప్పునూనె ఏ మిల్లులో ఆడించారు, ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు ఎలా చూస్తారు, జాడీ మూతికి వాసెన గుడ్డ ఎలా కడతారు. ఇది గొప్పలు చెప్పుకోవడం కిందికి రాదు. మీకు పని వచ్చని తెలిసినవాళ్లే మీ పొరపాటుని పొరపాటుగా చూస్తారు.

ఇక్కడే ఇంకో మాట. చాలామంది దాచేది పెద్ద తప్పుల్ని కాదు, చిన్న సంగతుల్ని. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ వచ్చింది. నరసాపురం లేసుకు 2024లో వచ్చింది. అప్పటి నుంచి పక్క ఊళ్లలో చేసినవి కూడా ఆ పేర్లతో అమ్మడం చూస్తున్నాను. మీ రేకులు ఆత్రేయపురం నుంచి తెప్పించి, మీ ఇంట్లో బెల్లం, నెయ్యి వేసి చుడుతుంటే అదే రాయండి: "రేకు అక్కడిది, చుట్టడం మాది." ఇలా రాయడానికి మొదట చాలా ఇబ్బందిగా ఉంటుంది. నా ఉద్దేశంలో బూజు సంగతి ఒప్పుకోవడం కన్నా ఇదే కష్టం, ఎందుకంటే ఇక్కడ ఎవరూ మనల్ని పట్టుకోలేదు.

4. మూడో నాటి లెక్క

ఆవకాయ కలిపిన రోజున రుచి చూసి ఏమీ చెప్పలేం. ఉప్పు ఒకచోట, కారం ఒకచోట ఉంటుంది. మూడో నాడు వాసెన విప్పి తిరగకలిపితే ఊట వచ్చి, నూనె పైకి తేలి ఉంటుంది. అప్పుడే ఉప్పు చాలిందో లేదో తెలుస్తుంది.

మన బాధ గురించి రాసిన పోస్టుకీ ఇదే లెక్క పెట్టుకోండి. రాసి మూడు రోజులు పక్కన పెట్టి, మళ్లీ చదవండి. చదువుతుంటే ఇంకా ఏడుపొస్తోందా? అయితే ఇంకా ఊరాలి. ఎవరో ఒకరికి తగలాలని రాసిన వాక్యం ఏదైనా కనిపిస్తోందా? దాన్ని తీసేయండి. నాకైతే మూడో రోజుకి సగం వాక్యాలు వాటంతటవే రాలిపోతాయి.

దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది, ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి. కొన్నవాళ్ల ఆరోగ్యానికో, డబ్బుకో దెబ్బ తగిలే సంగతైతే మూడు రోజులు కాదు, మూడు గంటలు కూడా ఆగొద్దు. ముందు కొన్న ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పాలి, పోస్టు ఆ తర్వాత. నేను రెండు రాత్రులు ఆలస్యం చేశాను. అది చేయకూడని పని.

5. రాసే తీరు

ఎక్కువమంది రెండు రకాలుగా రాస్తారు. ఒకటి ఆఫీసు కాగితంలా: "అనివార్య కారణాల వల్ల మా ఉత్పత్తుల నాణ్యతలో స్వల్ప లోపం ఏర్పడినందుకు చింతిస్తున్నాము." ఇందులో మనిషి లేడు. ఎవరు, ఏం చేశారో తెలియదు. రెండోది కన్నీళ్లతో: "వరదల్లో ఒంటరిగా పోరాడుతున్న మీ ఆడపడుచుని క్షమించండి." ఇందులో మనిషి ఉంది గానీ సీసా లేదు. తిన్నవాళ్లు ఏం చేయాలో ఎక్కడా లేదు.

నేను ఆ రోజు పెట్టిన పోస్టు ఇది:

"జులై 23 రాత్రి నేను ఎత్తిన ఆవకాయ సీసాలకు బూజు పట్టింది. మూత మీద 23వ తేదీ స్టిక్కర్ ఉంటే తినకండి, పైన తీసేసి కింద తినడం కూడా వద్దు, పారేయండి. తప్పు నాది. ఎండ లేక సీసాలు సరిగ్గా ఆరలేదు, ఆర్డర్లు ఆలస్యమయ్యాయన్న కంగారులో ఎత్తేశాను. మొదట ఫోన్ చేసినవారికి ఉప్పు తేలిందని చెప్పాను, అది అబద్ధం. వారికి క్షమాపణ చెప్పుకున్నాను. డబ్బు కావాలంటే ఇవాళే వేస్తాను, పచ్చడి కావాలంటే ఎండ కాశాక పంపుతాను. జాడీలో ఉన్న పచ్చడి బాగానే ఉంది, అయినా ఎండ వచ్చేదాకా సీసాలకెత్తను."

చూడండి, వరద గురించి ఒక్క ముక్క లేదు. వరద వచ్చిన మాట నిజమే. కానీ అది మొదటి వాక్యంలో పెడితే సాకు అవుతుంది. క్రమం ఇలా ఉంటే మంచిది: ఏం జరిగింది, మీరేం చేయాలి, నేనేం తప్పు చేశాను, ఇప్పుడేం చేస్తున్నాను. "మీరేం చేయాలి" అన్నది రెండో వాక్యం దాటకూడదు, ఫోన్లో చాలామంది మూడో లైను దాకా చదవరు. "జరిగింది", "అయింది" అన్న మాటలకు బదులు "చేశాను", "ఎత్తాను", "చెప్పాను" అని రాయండి. రాస్తున్నప్పుడు గొంతు పట్టేస్తుంది, తెలుసు. ఆ మాటలే కావాలి.

తేదీ, సంఖ్య, వస్తువు పేరు తప్పకుండా ఉండాలి. "కొన్ని సీసాలు" అంటే మిగతావాళ్లందరికీ టెన్షన్. బ్యాచ్ తేదీ రాసే అలవాటు లేకపోతే ఇవాళే మొదలుపెట్టండి. తిండి పదార్థాలు అమ్మేవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, ఆ 14 అంకెల నెంబరు, లేబుల్ మీద తేదీలు ఎలాగూ ఉండాలి. అవి ఉంటేనే నిజం చెప్పే వీలుంటుంది కూడా. ఏ సీసా చెడిందో మనకే తెలియకపోతే ఎంత నిజాయితీగా రాసినా ఏం లాభం?

తప్పు లేకపోయినా చెప్పదగ్గవి ఉంటాయి. కడియంలో నర్సరీ ఉన్నవాళ్లయితే, ఇక్కడి తేమకు ఏపుగా పెరిగిన మొక్క పొడి వాతావరణమున్న ఊరికి వెళ్లాక మొదట్లో ఆకు రాల్చవచ్చని అమ్మకముందే చెప్పొచ్చు. లేసు అల్లేవాళ్లు ఒక కుట్టు తప్పి నాలుగు వరసలు విప్పిన ముక్కను చూపించొచ్చు. కోనసీమలోని దిండి ఊళ్లో గదులు అద్దెకిచ్చేవాళ్లు "వరదలప్పుడు పడవలు తిరగవు, అప్పుడు రావద్దు" అని రాస్తే, ఆ మాట నమ్మి సంక్రాంతికి ఎంతమంది వస్తారో చూడండి.

6. వీడియో అయితే

చిన్నదిగా తీయండి, నిమిషం చాలు. వెనక పాట వద్దు. అద్దం ముందు నాలుగుసార్లు ప్రాక్టీసు చేయొద్దు, ఒక్కసారి ఎవరికైనా చెప్పినట్టు చెప్పి చూసుకోండి చాలు. యాస మార్చకండి. మన "ఆయ్", మన సాగదీత విని హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు మొదట నవ్వినా, మాట మనదేనని నమ్ముతారు. ఏడుపొస్తే కెమెరా ఆపి, మొహం కడుక్కుని, మళ్లీ తీయండి. చెడిన సీసా చేతిలో పట్టుకుని, మూత తీసి దగ్గరగా చూపించండి. నేను ఆ బూజుని వెలుతురులో పెట్టి చూపించాను. సీసా భుజం దగ్గర, నూనెకీ గాజుకీ మధ్య, గోరంత నీటి బొట్టు ఇంకా కనిపిస్తోంది. వంద మాటల కన్నా ఆ బొట్టు బాగా చెప్పింది.

7. ఎవరు చూస్తారో లెక్క చూసుకోండి

పల్లెటూళ్లో వ్యాపారం చేసేవాళ్ల భయం తెలియనివాళ్ల గురించి కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో తిడితే రెండు రోజుల్లో మర్చిపోతాం. పెద్దత్తగారు గుడి దగ్గర "ఏవమ్మా, పచ్చడి పాడైందంట" అంటే ఆర్నెల్లు గుర్తుంటుంది. ఈ భయాన్ని చిన్నచూపు చూడకండి.

పోస్టు పెట్టే ముందే ఇంట్లోవాళ్లకి చదివి వినిపించండి. పక్కింటి ద్వారా తెలిస్తే వాళ్లకి అవమానం. వ్యాపారానికి వేరే నెంబరు పెట్టుకోండి, కొనేవాళ్లు అందులో, చుట్టాలు ఇందులో. వాట్సాప్‌లో స్టేటస్ ఎవరికి కనపడకూడదో ఎంచుకునే సెట్టింగ్ ఉంది, మొదట్లో వాడుకోండి. వస్తువుకు సంబంధించిన నిజం మాత్రం ఎవరి దగ్గరా దాచకండి. పెద్దత్తగారు మన పచ్చడి కొనకపోయినా, కొనేవాళ్లు ఆవిడని అడుగుతారు.

8. పెట్టిన తర్వాత

మొదటి రెండు గంటలు ఫోన్ దగ్గరే ఉండండి, అడిగినవాళ్లకి జవాబు చెప్పాలి కదా. తర్వాత ఫోన్ పక్కన పెట్టి పనిలో పడండి. ఊరికే తెరిచి చూస్తూ కూర్చుంటే మనసు మళ్లీ నలుగుతుంది.

కోపంగా రాసినవాళ్ల కామెంట్లు తీసేయకండి. నేను ఆ పోస్టుకి వచ్చిన మొదటి కామెంటు ఒకటి డిలీట్ చేశాను. ఆవిడ స్క్రీన్‌షాట్ తీసి నాకే పంపింది, "దీన్నెందుకు తీసేశావమ్మా?" అని. జవాబు లేదు నా దగ్గర. బూతులు, కులం మాటలు ఉంటే తీసేయండి, అందులో తప్పేం లేదు. జవాబు చిన్నదిగా ఇవ్వండి: "నిజమేనండి. డబ్బు వేశాను, చూసుకోండి."

జాలి చూపించేవాళ్లు కూడా వస్తారు. "పాపం, కష్టపడుతున్నావు, రెండు కేజీలు పంపు" అంటారు. చెడిన సరుకు గురించి పోస్టు పెట్టిన వారంలో వచ్చిన ఆ ఆర్డర్లు నేను తీసుకోలేదు, ఎండ కాశాక చెప్తానన్నాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మన కష్టాన్ని చూపించి సరుకు అమ్మితే, తర్వాతి నెల కూడా కష్టం వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే తప్పు ఒప్పుకున్న పోస్టు కింద ఎప్పుడూ ధరల పట్టిక, ఆఫర్ పెట్టకండి.

మంచి మాటలు కొనుక్కోవడం అంతకన్నా తప్పు. ఉచితంగా సీసా పంపి వీడియో చేయించుకుంటే ఆ సంగతి వీడియోలోనే కనపడేలా చెప్పించండి. 2021 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి నియమం కూడా అదే.

ఆ తర్వాత మిగిలిన పని ఒకటే, చాలామంది మర్చిపోయేది: మళ్లీ వచ్చి ఏమైందో చెప్పడం. నెల తర్వాత నేను రెండో పోస్టు పెట్టాను. ఎంతమందికి డబ్బు వెళ్లింది, ఎంతమందికి కొత్త సీసా వెళ్లింది, ఇప్పుడు సీసాలు ఎలా ఆరబెడుతున్నాను. ఎండ ఉంటే రెండు పూటలు డాబా మీద. లేకపోతే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, చల్లారాక పొడి గుడ్డ, ఆ తర్వాతే ఎత్తడం. మొదటి పోస్టుకి వచ్చినన్ని లైకులు దీనికి రాలేదు. కానీ పాత కొనుగోలుదారులు ఇప్పటికీ అడిగేది దీని గురించే.

హైదరాబాద్ పెద్దావిడ ఏటా ఆషాఢంలో ఫోన్ చేస్తారు. "సీసాలు ఆరాయా అమ్మాయ్?" అంటారు. డాబా మీద వరసగా బోర్లించిన సీసాల ఫొటో తీసి, తేదీ వేసి పంపిస్తాను. అప్పుడు ఆర్డర్ చెప్తారు.